పోలిక పరీక్ష

జగదాంబ సెంటర్ ఫుట్‌పాత్ మీద
ఎనభై రూపాయలకి కొన్నాను ఈ రీజనింగు పుస్తకం.
అట్ట లేదు. లోపలి పేజీలో పేరుంది,
కొట్టేసి, మళ్లీ రాసి:
తెడ్డు నూకరత్నం, పెదజాలారిపేట.

కేజీహెచ్ ఎదురుగా మందుల షాపులో నాది రాత్రి డ్యూటీ.
రెండు దాటాక చీటీలు తగ్గుతాయి.
సెలైన్ అట్టపెట్టెలకి పుస్తకం ఆన్చి
నలభై ఒకటో పేజీ తెరిచాను.
మొదటి జతకీ రెండో జతకీ
ఒకే చుట్టరికం ఉండాలట.
కోచింగులో పైడిరాజు సారు చెప్పేదీ అదే:
"ముందు రెండు మాటల మధ్య ఒక వాక్యం కట్టు.
దాన్ని పట్టుకెళ్లి అవతలి జతకి తొడుగు.
పట్టిందా, అదే జవాబు."

నూకరత్నం కట్టింది.
పెన్సిల్‌తో, ప్రతి ప్రశ్న పక్కనా,
ఆవగింజలంత అక్షరాల్తో.

కత్తి : కోయడం. కత్తితో కోస్తాం.
పెన్ను : రాయడం. పెన్నుతో రాస్తాం.
మొదటి పేజీ అంతా బుద్ధిగా ఉంది.
రెండో పేజీలో తెడ్డు : పడవ.
తెడ్డుతో పడవ నడుస్తుంది అని రాసి, చెరిపి,
కింద:
తెడ్డు మా ఇంటిపేరు. పడవ మాకు లేదు.

నవ్వొచ్చింది.
ఎవరో వచ్చి జ్వరం బిళ్లలడిగితే
నవ్వుతూనే ఇచ్చాను. ఆయన నవ్వలేదు.

డాక్టరు : ఆసుపత్రి.
డాక్టరు ఆసుపత్రిలో ఉంటాడు. ఆ రాత్రి లేడు.
తేదీ వెయ్యలేదు.
తలెత్తి రోడ్డవతల గేటు చూశాను.
ఆ రాత్రి నా కౌంటరుకే వచ్చిందేమో,
చీటీ చాపిందేమో,
చిల్లర లేదని నేనే కసిరానేమో.
రోజుకి మూడొందల చేతులు. ఏ చెయ్యని గుర్తు?

వల : చేప దగ్గర పుస్తకంతోనే తగువు.
ఏ వల? ఏ చేప?
నెత్తళ్ల వలకి కోనాం పడతాదా. ప్రశ్నే తప్పు.
ముఖం : ముక్కు దగ్గర
డాల్ఫిన్ నోస్ కొండ గీసింది, పైన లైట్‌హౌస్ పుల్లతో సహా.
ముక్కొక్కటే తేలింది. మిగతా మొహమేదీ?
సరైన జవాబు సి. సి కే సున్నా చుట్టింది కూడా.
వాక్యాన్ని మాత్రం అలా వొగ్గేసింది.

చెరిపేద్దామని రబ్బరు కొన్నాను,
సొంతంగా సాధన చెయ్యాలి కదా.
గల్లాపెట్టెలో చిల్లర మధ్య ఉంది ఇంకా, కొత్తదే.

యాభై ఎనిమిదితో పోలికలు అయిపోతాయి.
యాభై తొమ్మిదో పేజీ: భిన్న పరీక్ష.
గుంపులో ఇమడనిది ఏదో గుర్తించుము.
అక్కణ్ణించి ఒక్క పెన్సిల్ గీత లేదు.
చివరిదాకా తిప్పాను. అన్నీ తెల్లగా.
ఉద్యోగం వచ్చేసిందా. విసుగొచ్చేసిందా.
పెదజాలారిపేట ఎంతని, బస్సెక్కితే పావుగంట.
వెళ్లి ఏమని చెప్పను,
మీ పోలికలు నా దగ్గరున్నాయనా?

మొన్నాదివారం పరీక్ష, షీలానగర్ అవతల.
కంప్యూటరు తెర. పక్కన రాసుకునే జాగా లేదు.
ముప్పై ఏడో ప్రశ్న, రేవు : ఓడ.
తప్పుకి పావు మార్కు కోత.
కట్టాను: రేవులో ఓడ ఆగుతుంది.
స్టేషను : రైలు నొక్కాను. రైటే, తెలుసు.
ఈలోగా లోపలెవరో పెన్సిల్ చెక్కుతున్న చప్పుడు.
ఓడకైతే రేవున్నాది. మా తెప్పకి ఇసకే.
ఆ జవాబు నాలుగింటిలో లేదు.

వచ్చేటప్పుడు కాన్వెంట్ జంక్షన్ దగ్గర
లారీల వెనక ఇరుక్కుంది బస్సు.
దూరంగా పోర్టు క్రేన్లు, ఆదివారం కూడా వంగి.
సంచీలోంచి పుస్తకం తీశాను. యాభై తొమ్మిది.
నా దగ్గర నీలం బాల్‌పెన్నే ఉంది, చెరగదు.
ఒకటో ప్రశ్న:
కాకి, పిచ్చుక, గబ్బిలం, చిలక.
జవాబు గబ్బిలం, పక్షి కాదు కనక.
పక్కన రాశాను,
గబ్బిలానిది రాత్రి డ్యూటీ.
బస్సు ఒక్క కుదుపుతో కదిలింది.
డ్యూటీ గుడిదీర్ఘం
రెండో ప్రశ్న మీదికి సాగిపోయింది.